పోయొస్తనన్న దయ్యం

ఇవాళ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని పచ్చిపులుసు కలుపుకుంటుంటే పక్కన పెట్టిన ఫోన్ చిన్నగా మోగింది. చూస్తే పబ్లిషర్ల దగ్గర్నుంచి వచ్చిన మెయిల్. ఆ కంపెనీ పేరు తెర మీద కనబడితే చాలు, నాకు ఇప్పటికీ బెదురు పుడుతుంది. యాభై దాటినవాణ్ణి, షుగర్ మాత్రలు మింగేవాణ్ణి, ఒక మెయిల్‌కు ఇంత బెదరడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఎడమచేత్తో తెరిచి చదివాను. మేము చేసిన భయపెట్టే కంప్యూటర్ ఆటలు రెండింటినీ ఈ నెలాఖరుకు అమ్మకం నుంచి తీసేస్తున్నామనీ, ఇదివరకే కొనుక్కున్నవాళ్లు ఆడుకోవచ్చుననీ, ఇంతకాలం కలిసి నడిచినందుకు ధన్యవాదాలనీ రాశారు. చాలా మర్యాదగా ఉంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ఆటల్లో దయ్యానికి గొంతు ఇచ్చింది మా చిన్నమ్మ, అంటే మా అమ్మకు చెల్లెలు. అమ్మను మేము అవ్వ అంటాం. ఆమె తెల్లారితే లక్సెట్టిపేట దిక్కునుంచి కరీంనగర్‌కు రావాలి, గొంతు డాక్టరుకు మళ్లీ చూపించుకోవడానికి. ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడటం నాకు అస్సలు నచ్చలేదు.

కొంచెం వెనక్కి పోతే తప్ప ఇదంతా అర్థం కాదు. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు సినిమాలకు శబ్దాలు చేసిపెట్టాను. తెర మీద హీరో మెట్లు దిగుతుంటే ఇక్కడ ఒక మూసిన గదిలో నేను బూట్లు చేతులకు తొడుక్కుని చెక్క మీద టపటపలాడించాలి. నడుం పట్టేసి, ఆ పని చాలించుకుని కరీంనగర్ వచ్చేసరికి మా అక్క కొడుకు నన్ను పట్టుకున్నాడు. వాడు అప్పటికే మంచి ఉద్యోగం మానేసి, మిక్సీలు బాగుచేసే దుకాణం మీది గది అద్దెకు తీసుకుని, ఇద్దరు దోస్తులతో కలిసి కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. భయపెట్టే ఆట. "మామా, బొమ్మలు మేం గీస్తం. గనీ భయం కంటికి గాదు, చెవుకు పుడ్తది. చెవు నీది" అన్నాడు. ఇన్నేళ్లలో నా పనికి అంత గౌరవం ఇచ్చినవాడు ఇంకొకడు లేడు కాబట్టి ఒప్పుకున్నాను. కొన్నాళ్లకు మా పరిస్థితి ఎట్లా అయిందంటే, కరెంటు పోతే పట్టపగలే ఎవ్వరం ఒంటరిగా బాత్రూం దాకా పోయేవాళ్లం కాదు. ఆట చేసినవాళ్లమే జంటలు జంటలుగా పోయి వచ్చేవాళ్లం. కింద మిక్సీల దుకాణమాయన ఇది చూసి మాకు ఏదో జబ్బు ఉందనుకున్నాడు.

కథ మాత్రం మా ఇంటిదే. మా బాపు, అంటే మా నాన్న, బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా దిక్కు బాయి అంటారు. బాయి మీద సైరన్ కూత ఉండేది, షిఫ్టుకొకసారి కూసేది. ఆ కూతకు ఊరంతా అన్నం తినేది, స్నానం చేసేది, పిల్లల్ని బడికి తోలేది. కాని వేళలో కూత కూసిందంటే మాత్రం అందరి చేతుల్లో పని ఆగిపోయేది. కింద ఏదో జరిగిందని అర్థం. నేను అవ్వ సంకలో ఉన్న రోజుల్లో అట్లా ఒకసారి కూసిందట. పెండ్లి కాని చిన్నమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉండేది, లంగా జాకెట్టు వేసుకునే వయసు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ బాపుకు కట్టిన సద్ది గిన్నెతో సహా బాయి దగ్గరికి ఉరికారు. అవ్వకు నోరు పెగల్లేదు. పైకి వచ్చిన ప్రతి మనిషి ముందుకూ పోయి చిన్నమ్మే అడిగింది, "మా బావ పైకొచ్చిండా?" అని. ఎవరూ చెప్పలేదు. ఆఖరికి ఒకాయన ఎదురుగా వచ్చి నిలబడితే ఆయన్నీ అట్లాగే అడిగింది. ఆయనే బాపు. మొహం నిండా బొగ్గు, కండ్లు తప్ప ఏమీ కనబడటం లేదు, గుర్తుపట్టలేకపోయింది. ఇది మా ఇంట్లో ప్రతి పండుగకూ చెప్పుకుని నవ్వుకునే కథ. చిన్నమ్మ ఒక్కతే నవ్వేది కాదు.

నా మేనల్లుడు ఆ కథ పట్టుకున్నాడు. పాతబడిన బొగ్గుబాయి, దాని గడపలో సద్ది గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. ఆమె మొగుడు ఎన్నడో లోపలే పోయాడు, ఆమె కూడా పోయింది, కానీ పోయిన సంగతి ఆమెకు తెలియదు. ఆడేవాడు చీకటి దారుల్లో దారి వెతుక్కుంటుంటే వెనకనుంచి గిన్నె మూత చప్పుడు, తర్వాత మెల్లగా ఆ ప్రశ్న: "మా ఇంటాయన పైకొచ్చిండా?" ఆటకు 'సద్ది' అని పేరు పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో నాకు తెలిసిన గొంతులన్నీ తెచ్చి చూశాం. ఒక్కటీ కుదరలేదు. అందరూ దయ్యాల్లా మాట్లాడుతున్నారు, ఎదురుచూస్తున్న మనిషిలా ఎవరూ మాట్లాడటం లేదు. అప్పుడు చిన్నమ్మ గుర్తొచ్చింది. లక్సెట్టిపేట దగ్గరి పల్లెలో తన ఇంటాయన, మా చిన్నబాపుతో పత్తి చేను చేసుకుంటూ, ఆదివారం ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటే వెనక బల్లల మీద కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు.

ఆమె ఒప్పుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. "దయ్యం మాటలు నా నోట పలికితే పాపం గాదురా కొడుకా?" అని నన్ను అడిగింది. మేనల్లుడే ముందుకు జరిగి కూర్చుని, "అమ్మమ్మా, ఆమె చెడ్డ మనిషి గాదు. ఇంటాయన కోసం చూస్తుంది, అంతే. ఆఖరికి ఆమెకు నెమ్మది దొర్కుతది. నేనే దొర్కిస్త" అన్నాడు. నెమ్మది అనే మాట చర్చికి పోయేవాళ్ల ఇండ్లలో ఊరికే వాడరు. మనిషి పోయినప్పుడు ప్రార్థనలో అడిగే మాట అది. చిన్నమ్మ వాణ్ణి చాలాసేపు చూసి, "దొర్కిస్తవా? మాటేనా?" అన్నది. వాడు తలకాయ ఊపాడు. ఆ మాట మీదే ఆమె ఒప్పుకుంది, వేరే దేనికీ కాదు.

రికార్డింగుకు ఊళ్లో చోటు ఏదని వెతుకుతుంటే చిన్నబాపు పత్తి అర్ర చూపించాడు. పత్తి ఏరడం అయిపోయిన రోజులు. ధర వస్తుందని ఆయన పత్తి అమ్మకుండా ఒక అర్ర నిండా పైకప్పు దాకా పోసి పెట్టాడు. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడేంత గుంత చేసి, అందులో చిన్నమ్మను నిలబెట్టి, మైకు పెట్టాను. అంత మంచి గది నాకు హైదరాబాద్‌లో కూడా దొరకలేదు. మనం మాట్లాడే ప్రతి గదీ మన మాటను కొంచెం తిప్పి మనకే ఇస్తుంది, ఆ సంగతి మనం గమనించం. పత్తి అర్రలో అది లేదు. మాట నోట్లోంచి బయటికి రావడం, అక్కడే ఆగిపోవడం. పట్టపగలు, బయట కోళ్లు తిరుగుతున్నాయి, చిన్నబాపు బీడీ ముట్టించబోయి పత్తి గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకుంటున్నాడు. అయినా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకు చెమటలు పట్టాయి. ఆమె నటించలేదు. పన్నెండేళ్ల వయసులో బాయి దగ్గర ఎట్లా అడిగిందో అట్లాగే అడిగింది. నాకైతే మా బాపు ఆ పూట నిజంగానే పైకి రాలేదేమో, ఇన్నేళ్లూ మేము ఎవరితోనో కలిసి బతికామేమో అనిపించింది.

ఆఖరి మాట దగ్గర జరిగిన సంగతే ఈ కథకంతా మూలం. ఆట చివర ఆమెకు నిజం తెలుస్తుంది, సద్ది గిన్నె కింద పెడుతుంది, "ఇగ నేను పోతున్న" అని వెలుగులోకి నడిచిపోతుంది. మేనల్లుడు రాసింది అది. చిన్నమ్మ చెప్పింది "ఇగ నేను పోయొస్త" అని. కావాలని కాదు. మా దిక్కు గడప దాటేవాళ్లు ఎవ్వరూ పోతున్న అనరు. కూరగాయలకు పోయినా, కాశీకి పోయినా పోయొస్తననే అంటారు. పోతున్న అంటే ఇక రాననే. పొరపాటున ఎవరైనా అంటే ఇంట్లో ముసలివాళ్లు వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి మళ్లీ పంపుతారు. గుళ్లో కొబ్బరికాయ కొట్టేవాళ్లకైనా చర్చిలో మోకరించేవాళ్లకైనా ఈ భయం ఒక్కటే. అరవై ఏళ్లుగా చిన్నమ్మ నాలుకకు ఆ రెండో మాట తెలియదు. మాకూ చెవికి ఎంత అలవాటైన మాటంటే, పక్కన కాగితం పట్టుకుని కూర్చున్న నలుగురిలో ఒక్కరికీ తేడా తెలియలేదు. ఆట అట్లాగే పోయింది.

తేడా తెలిసింది పరాయిదేశపు వాళ్లకు. ఇక్కడ పబ్లిషర్లంటే ఎవరో చెప్పాలి. పత్తి పండించేది ఒకరు, అడ్తిలో పెట్టి అమ్మేది మరొకరు అయినట్టే, ఆట చేసేది ఒకరు, దాన్ని దేశదేశాల్లో అమ్మిపెట్టేది మరొకరు. మా అడ్తివాళ్లు పెద్దవాళ్లు. వాళ్ల తరఫున మాతో ఒకామె మాట్లాడేది, మెత్తని గొంతు, మా వాడు ఆమెను దొరసాని అనేవాడు. తెర కింద వచ్చే అనువాదంలో మా బాయి కాస్తా నీళ్ల బావి అయింది. ఆట అమ్మే పేజీ మీద గిలకా బొక్కెనా ఉన్న బావి బొమ్మ వేశారు, మేము నెత్తి కొట్టుకున్నాం. కానీ ఆఖరి మాటను మాత్రం ఉన్నదున్నట్టు వేశారు: పోయి మళ్లీ వస్తాను. ఆడినవాళ్లకు గుండెలు జారిపోయాయి. ఇంత సేపు తిప్పలుపడి దయ్యాన్ని సాగనంపితే, అది గడపలో నిలబడి నవ్వుకుంటూ మళ్లీ వస్తానంటుంది. కేకలు పెడుతూ వీడియోలు తీసుకున్నారు. ఆ ఒక్క మాట మీదే ఆట అనుకోనంతగా అమ్ముడుపోయింది. దొరసాని ఫోన్ చేసి, వస్తానని చెప్పింది కదా, మరి ఎప్పుడు తెస్తారు అని అడిగింది. అట్లా ఒక మర్యాద మాట మీద రెండో ఆటకూ, మూడో ఆటకూ ఒప్పందం అయింది. మేనల్లుడు మూడో దాంట్లో ఆమెకు ఇంటాయన్ను చూపిస్తానన్నాడు. బొగ్గు మొహాల మధ్య ఆమె అతన్ని గుర్తుపడుతుంది, అక్కడితో నెమ్మది. అది విని చిన్నమ్మ, "ఆలస్యమైనా మంచిదే" అన్నది.

రెండో ఆట దగ్గర మాకు అసలు భయం తెలిసింది. మొదటిది చేసినప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు కాబట్టి ఎంత అమ్మినా గొప్పే. ఈసారి వాళ్లు ముందే ఇంత అని అనుకున్నారు. ఆ అనుకున్నది అందుకోవాలంటే భయం ఇష్టపడేవాళ్లు ఒక్కరే చాలరట, భయం ఇష్టపడనివాళ్లు కూడా కొనాలట. అందుకని చీకటి తగ్గించమన్నారు, ఆడేవాడి చేతికి తుపాకీ ఇమ్మన్నారు. సద్ది పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని తుపాకీతో ఏం చేస్తారని మా వాడు అడిగితే, అది మీరే ఆలోచించుకోండి అన్నారట. కరీంనగర్‌లో పెద్ద స్టూడియో మాట్లాడి, చిన్నమ్మను కూర్చోబెట్టి అరవమన్నారు. ఆమె అరిచింది. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు అది, రోజంతా అరిచి సాయంత్రానికి వేడినీళ్లు తాగుతూ, "గీమె ఎందుకొర్రుతుందిరా? మొగని కోసం చూసేటామె ఒర్రుతదా?" అన్నది. ఆట చివర మాత్రం పత్తి అర్రలో పట్టిన పాత పోయొస్తనే మళ్లీ పెట్టించారు. అది కలిసొచ్చిన మాట కదా.

ఆట విడుదలయ్యాక ప్రతి సోమవారం దొరసాని ఫోన్ చేసేది. సోమవారం పొద్దున మా గదిలో ఎవరూ టిఫిన్ తినేవాళ్లు కాదు. ఒక సోమవారం ఆమె, మీ ఆట మాకెంతో ఇష్టం అని మొదలుపెట్టింది. మేనల్లుడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇష్టమంటుంది మామా, అయిపోయినం" అన్నాడు. నిజమే. బాగానే అమ్ముడుపోయిందట, మంచి మాటలే వచ్చాయట, అయితే అనుకున్నంత పోలేదట. అందుకని మూడో ఆట ఉండదు. కథా, మనిషీ, ఆమె గొంతూ అన్నీ ఒప్పందం ప్రకారం వాళ్లవే, మేము వేరే ఎవరితోనూ చేసుకోవడానికి లేదు. వాడు ఫోన్ పెట్టేసి గోడకు ఒరిగి కూర్చున్నాడు. వాడి అద్దె, వాడి దోస్తుల జీతాలు అన్నీ నాకు గుర్తొచ్చాయి. వాడికి మాత్రం ఒకటే గుర్తొచ్చినట్టుంది. "అమ్మమ్మకు ఎవలు చెప్పాలె?" అన్నాడు.

నేనే పోయి చెప్పాను. చిన్నమ్మ కందులు చెరుగుతుంది, చిన్నబాపు నులకమంచం మీద ఉన్నాడు. మూడోది లేదన్నాను. ఆమె చేట ఆపింది. "అమ్ముడువోలేదా?"

"పోయినయ్ చిన్నమ్మా. గనీ వాళ్లు అనుకున్నంత పోలేదంట."

"గంత అనుకొమ్మని వాళ్లకు ఎవలు చెప్పిండ్రు?"

చిన్నబాపు మంచం మీదినుంచి లేచి కూర్చున్నాడు. "నేను గూడ ధర వస్తదనుకున్న, రాలే. అట్లని దున్నుడు బందు వెట్టిన్నా?" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. చిన్నమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆమె చేటలో కందులను చూస్తూ మెల్లగా, "అయితే ఆమె ఆడ్నే ఉంటదా? నా గొంతు ఏసుకోని? ఎన్నటిదాంక?" అన్నది. కందులు మళ్లీ చెరగలేదు.

ఆ తర్వాత ఆమెను భయం పట్టుకుంది. ఒకసారి మంచిర్యాల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, వెనక సీటులోనుంచి తన గొంతే అడిగిందట, మా ఇంటాయన పైకొచ్చిండా అని. ఎవరో కాలేజీ పిల్లలు దాన్ని ఫోన్ రింగుగా పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు ఎట్లా తెలుస్తుంది. బస్సు ఆపించి నడిమధ్యలో దిగిపోయి, ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చింది. నేను ఫోన్ చేసి రింగుల సంగతి వివరించాను. విన్నది, అర్థమైందన్నది. భయం మాత్రం పోలేదు. తాను పోయొస్తనన్నందుకే ఆటలోని ఆమె మళ్లీ రావలసి వచ్చిందనీ, మూడోది లేదు కాబట్టి ఇక పోలేదనీ, పొరపాటు తన నోటిదేననీ చిన్నమ్మ లెక్క. పాస్టరయ్య ఇంటికి వచ్చి, అది బొమ్మ, దానికి ఆత్మ లేదు అని చెప్పి ప్రార్థన చేసి పోయాడు. "బొమ్మకు లేకపోవచ్చు అయ్యగారూ, గొంతుకైతే ఉన్నది గదా" అన్నదట. చర్చిలో పాట ఎత్తుకోవడం మానేసింది. కొద్దిరోజులకు నిజంగానే గొంతు బొంగురుపోయింది. దగ్గు మందులు వాడారు, మిరియాల కషాయం తాగించారు. తగ్గకపోతే కరీంనగర్ తెచ్చి చూపించాం. గొంతులో గడ్డ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి, తీసి చూస్తేగాని అదేమిటో చెప్పలేం, గొంతు మునుపటిలా వస్తుందో రాదో కూడా చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "గొంతు ఉన్నప్పుడే ఆమెను తోలియ్యాలె కొడుకా. నా నోటితోనే" అన్నది.

మేనల్లుడికి చెప్పాను. కొత్తది ఏదీ చేర్చకూడదనేది ఒప్పందం, తప్పులుంటే మాత్రం సరిచేసుకోవచ్చు. వాడు ఆ పూటంతా గదిలో అటూ ఇటూ తిరిగి, మొదట రాసిన కాగితం వెతికి తీసి, దొరసానికి ఫోన్ చేశాడు. మా ఆటల్లో ఒక తప్పు పడింది, మొదటినుంచీ ఉంది, మేము రాసిన మాట ఒకటి, ఆమె పలికింది ఒకటి, సరిచేస్తాం అన్నాడు. ఆ తప్పే కదా ఇంత అమ్మింది అని ఆమె అంటుందనుకున్నాను. రెండు మాటలూ ఒకే పొడుగా అని అడిగింది. మూడేసి అక్షరాలే అన్నాడు వాడు. సరే, మరమ్మతే కదా అన్నది. ఆ ఆటల మీద వాళ్లు అనుకునేది ఇంక ఏమీ మిగల్లేదు, అందుకే ఒప్పుకుందని నా అనుమానం. ఎవరూ ఏమీ ఆశించకపోవడంలో ఇంత వెసులుబాటు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆపరేషన్‌కు తీసుకుపోయే రోజు పొద్దున్నే మైకు పట్టుకుని పోయాను. అర్రలో మళ్లీ పత్తి ఉంది, చిన్నబాపు మళ్లీ ధర కోసం చూస్తున్నాడు. ఆయనే అర్ర గడపకు అడ్డంగా కూర్చున్నాడు. "దవాఖానకు పొయ్యే మనిషి గా మాట అంటదా? నేను అననియ్య" అన్నాడు. చిన్నమ్మ ఆయన పక్కనే గడప మీద కూర్చుంది. "ఆమెది ఆమెకు చెప్తున్న. నాది గాదు" అన్నది. "వినేటోళ్లకు తెలుస్తదా ఎవలిదో?" అన్నాడాయన. వినేటోళ్లు అంటే మేము కాదు, మనుషుల్ని తీసుకుపోయేవాళ్లు. ఆ మాటకు నాకు కూడా మైకు సర్దేసి వెళ్లిపోదామా అనిపించింది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు, పబ్లిషర్ల ఒప్పందం కంటే గట్టిది. ఆమె లోపల ఆ మాట చెప్పాలి. గడప దాటి బయటికి రాగానే ఆయనకు తన మాట తాను చెప్పాలి. చెప్పేదాకా ఆయన అక్కడినుంచి కదలడు.

ఆమె పత్తి గుంతలో నిలబడింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలుపు చాటున కూర్చున్నాను. ఊపిరి వినబడుతుంది, ఊపిరి వెనక గరగర వినబడుతుంది. మాట రావడం లేదు. రెండుసార్లు 'ఇగ నేను' అని ఆగిపోయింది. నాలుక అటు తిరగదు. నాకు ఆమె గుండె చప్పుడు వినబడుతుందో, నాదే వినబడుతుందో తెలియడం లేదు. తర్వాత ఉన్నట్టుండి, ఎవరికో దగ్గరగా వంగి చెప్పినట్టు, మెల్లగా చెప్పింది. "ఇగ నేను పోతున్న." పత్తి ఆ మాటను మింగేసింది. ఆ తర్వాత ఊపిరి కూడా వినబడలేదు. ఆమె బయటికి రాలేదు. నేను చిన్నమ్మా అని పిలిచాను. పలకలేదు. చిన్నబాపు లేచి నిలబడ్డాడు. ఇంకోసారి పిలవడానికి నాకు గొంతు రాలేదు, మా అవ్వకు బాయి దగ్గర రానట్టే. ఆ కాసేపట్లో నేను పడ్డ భయం నా బతుకులో ఎన్నడూ పడలేదు, మళ్లీ పడకూడదు. అప్పుడు తలనిండా పత్తి పింజలతో చిన్నమ్మ బయటికి వచ్చింది. ఎందుకు పలకలేదే అంటే, "ఆమె పోయేదాంక ఆగిన" అన్నది. గడప దాటి, చిన్నబాపు ఎదురుగా నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఏమయ్యా, పోయొస్త" అన్నది. ఆయన "మంచిగ పోయిరా" అన్నాడు, అని వెంటనే మొహం అవతలికి తిప్పుకున్నాడు. దవాఖానకు ఆమెతో పాటు ఆయనా వస్తున్నాడు, అయినా అన్నాడు.

ఆ పొద్దు గడ్డ తీశారు, భయపడవలసిందేమీ లేదన్నారు. గొంతు మాత్రం ఎండిన ఆకు చప్పుడంత మిగిలింది. చర్చిలో ఇప్పుడు పాట వేరేవాళ్లు ఎత్తుకుంటారు, ఆమె పెదవులు కలుపుతుంది. ఆటల్లో ఆ మాట మారిన సంగతి చాలామంది గమనించలేదు. ఎక్కడో ఒకాయన మాత్రం, ఆమె వెళ్లిపోయింది, నాకెందుకో ఇల్లంతా బోసిగా ఉంది అని రాశాడు. మేనల్లుడు దాన్ని చిన్నమ్మకు చదివి వినిపించాడు. వాడు ఇప్పుడు పిల్లలకు లెక్కలు నేర్పే ఆటలు చేస్తున్నాడు. భయం తగ్గలేదు మామా, లెక్కలు గదా అంటాడు.

మళ్లీ ఇవాళ్టి మధ్యాహ్నానికి వస్తాను. ఈమధ్య ఆమెకు మింగుతుంటే అడ్డం తగులుతుందట, అందుకే ఈ పరీక్ష. మెయిల్ సంగతి చెప్పాలా వద్దా అని చల్లారిన అన్నం ముందు చాలాసేపు కూర్చుని, చివరికి ఫోన్ చేశాను. "చిన్నమ్మా, మన ఆటలు అమ్ముడు బందు వెడ్తున్నరంట" అన్నాను. ఆ గాలి లాంటి గొంతు వినాలంటే ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకోవాలి. "ఆమె పోయి ఎన్నొద్దులాయె. ఖాళీ ఇల్లే గదా, తాళం ఏసుకోనీ" అన్నది. మళ్లీ ఆమే, "రేపటికి జర భయమైతుంది కొడుకా" అన్నది. "నాకు గూడ" అన్నాను. అన్నం తిన్నావా అని అడిగింది, తిన్నానని అబద్ధం చెప్పాను. పెట్టేసేముందు మా దిక్కు అందరూ ఫోన్‌లో అనే మాటే అన్నది, "సరె, ఉంట మరి" అని. ఇన్నేళ్లుగా వింటున్న ఆ మాటను నేను అంతవరకు సరిగ్గా విననే లేదు. కాలం పోయేటప్పుడు పోయొస్తనని చెప్పి పోదు, ఉంటనని అసలే అనదు. ఆ రెండు మాటలూ మనుషులే ఒకరికొకరు చెప్పుకోవాలి.